పళ్లు నూరడం

వంటగది బల్ల మీద పాత పేపరు పరిచి
రంపాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను.
కరెంటు పోయి నాలుగో రోజు.
కురిసిన వాన కురిసినట్టే కొమ్మలకు గాజై అంటుకుంది.
స్నెజ్నిక్ కొండ కింద అడవి అడవంతా
రాత్రంతా విరుగుతూనే ఉంది
ఎవరో మెట్ల మీంచి పింగాణీ సామాను దొర్లిస్తున్నట్టు.

మూత విప్పాను.
లోపల నూనెలో నానిన పొట్టు,
కాఫీ మడ్డిలా.
పుల్లతో గీకాను, పాత టూత్‌బ్రష్‌తో తోమాను.
పట్టీ గాడిలో ఇరుక్కున్నదాన్ని జడపిన్నుతో లాగాను.
నూనె కారే రంధ్రం సూదిమొనంత.
అది మూసుకుపోతే ఇనుము తనను తానే కాల్చుకుంటుంది.
ఫిల్టరును బల్ల అంచుకు తట్టాను,
తుమ్మొచ్చింది.

తలకు కట్టుకున్న టార్చి వెలుగులో
గొలుసును వేలి మీద తిప్పి చూశాను.
ముప్పై ఆరు పళ్లు.
ఎడమవైపువి ఓ మాదిరిగా ఉన్నాయి.
కుడివైపు పదకొండింటికి మూతి పగిలింది.
ఎందుకు పగిలిందో నాకు తెలుసు.

పొద్దున్న దారికి అడ్డంగా పడింది
వెంట్సెల్ వాళ్ల బీచ్ చెట్టు.
పాలబండి రావాలన్నా అంబులెన్సు రావాలన్నా
మాకు ఆ ఒక్కటే దారి.
రంపమూ, దాన్ని ఎత్తే నడుమూ
రెండూ ఉన్నది ఊళ్లో నాకే,
అరవై ఎనిమిదేళ్ల మిలోయ్కాకి.

మొదటి కోత వెన్నలా దిగింది.
రెండోదీ అంతే.
మూడో కోతలో నిప్పురవ్వలు.

గొడ్డలితో చీల్చి చూస్తే
చెట్టు కడుపులో ఒక వంకర మేకు,
పక్కన ఇంకోటి,
మధ్యలో రెండంగుళాల ముళ్లతీగ.
చుట్టూ చెక్క కమిలి నీలమైంది.

నేను కొట్టినవే.
ఎనభై మూడు వేసవిలో,
రెండు జానల గట్టు కోసం అతను కోర్టుకెళ్లాడని
అతని చెట్టుకే తీగ బిగించాను.
సుత్తి దెబ్బ ఒక్కొక్కటీ
వాళ్ల కిటికీకి వినబడాలనే కొట్టాను.
కోర్టు ఏం తేల్చిందని ఇప్పుడు అడిగితే
కాగితం వెతకాలి.
చెట్టు మాత్రం ఏడాదికో పొర చుట్టుకుంటూ
నా కోపాన్ని లోపలికి లోపలికి తీసుకుపోయి
పైకి నున్నగా నిలబడింది.

దుంగకు అవతల, చేతికర్ర మీద వెంట్సెల్.
మేకును చూశాడు. నన్ను చూశాడు.
“మంచి మేకులు,” అన్నాడు, “ఆ రోజుల్లోవి.”
నలభై ఏళ్లలో అతను నాతో అన్న మొదటి మాట.

ఇక గుండ్రటి ఆకురాయి.
మొదటి పంటి మీద ఎర్ర గోళ్లరంగు చుక్క,
ఎక్కడ మొదలెట్టానో మరిచిపోకుండా.
లోపల్నుంచి బయటికి. తోయడమే, లాగడం లేదు.
పంటికి మూడు తోపులంటారు.
మేకు కొరికినవాటికి మూడేం సరిపోతాయి,
తొమ్మిది, పన్నెండు, కొన్నిటికి లెక్క తప్పాను.
అసలు కష్టం అది కాదు.
అన్నిటికంటే అరిగిన పన్ను ఎంత మిగిలిందో
బాగున్నవాటినీ అంతకే దించాలి,
ఏ పాపమూ ఎరుగని ఎడమవైపు పళ్లను కూడా.
లేదంటే రంపం ఒక పక్కకే లాగి
కోత వంకరపోతుంది.
మా మేనమామ స్తానె నేర్పాడు ఇది.
వివరించలేదు, వేళ్ల మీద కొట్టాడు.

నలభై ఏళ్లు ఆ గట్టుకు చెరోపక్కా
పళ్లు నూరుకుంటూ కూర్చున్నాం.
ఒక్కటీ పదునెక్కలేదు.

చీకటి పడ్డాక తలుపు తట్టింది
వెంట్సెల్ మనవరాలు నేజా,
మంచు బూట్లు దులుపుకుంటూ,
చేతిలో గుడ్డ చుట్టిన చదును ఆకురాయి.
“పళ్ల ముందు గుబ్బలు దించడానికట.
మీది అరిగిపోయి ఉంటుందన్నాడు తాత.”

నిజమే, అరిగిపోయింది.
అంటే ప్రతి చలికాలం గోడవతల
నా ఆకురాయి చప్పుడు వింటూనే ఉన్నాడన్నమాట.

“ఒక మేకు కూడా ఇమ్మన్నాడు.”
ఎందుకని నేనడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు.
పెద్దది ఇచ్చాను.

టార్చి పసుపెక్కుతోంది.
ఇంకా ఏడు పళ్లున్నాయి.